తప్పు బల్బుది కాదు!

తాతల నాటి అంబాసిడర్... పగలు చూస్తే రాజసమే వేరు. రాత్రయిందంటే మాత్రం ముందున్నవి హెడ్‌లైట్లో, కిరసనాయిలు బుడ్లో తెలియదు! బల్బులు మార్చినా వెలుగు పెరగదు. ఇంకా పెద్ద బల్బు వేస్తే కాలిన వాసన. ఎందుకని? జవాబు బల్బులో లేదు... దాని వెనక నలభై ఏళ్లుగా ఎవరూ చూడని వైర్లలో ఉంది.

ఒంగోలు నుంచి తూర్పుగా వెళ్తే ఇరవై కిలోమీటర్లలోపే కొత్తపట్నం. ఊరు దగ్గరపడేకొద్దీ గాలిలో సముద్రం వాసన తెలుస్తుంది. ఆ ఊళ్లో ఓ ఇల్లు ఊహించుకోండి. ఇంటి పక్కన రేకుల షెడ్డు. అందులో తెల్ల అంబాసిడర్. పొగాకుకు మంచి ధర పలికిన ఏడాది తాతయ్య ముచ్చటపడి కొన్నది. ఆ ఇంట్లో పెళ్లిళ్లకీ ఆసుపత్రికీ తిరునాళ్లకీ అదే బండి. ఇప్పుడు ఎప్పుడో పండక్కి తప్ప బయటికి రాదు. అయినా అమ్మమంటే మాత్రం తాతయ్యకి కోపం.

సంక్రాంతికి మనవడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. తాతయ్యనీ నాయనమ్మనీ ఎక్కించుకుని ఒంగోల్లో చుట్టాలింటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడింది.

“ఏరా అబ్బాయ్, లైట్లు వేశావా?”

“వేశాను తాతయ్యా. ఇంతే వెలుగు.”

“అదేందిరా! మొన్ననేగా రెండు బల్బులూ మార్పించింది?”

ఆ మాట పూర్తికాకుండానే ముందు ఏదో నల్లటి గోడలా కనిపించింది. మనవడు ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. ఎదురుగా పత్తి లోడుతో ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కు! వెనక ఎర్రలైటు లేదు. మెరిసే స్టిక్కరన్నా లేదు. కారు దానికి రెండు బారల దూరంలో ఆగింది. నాయనమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. పాత కారుని ప్రేమగా దాచుకున్న చాలా ఇళ్లలో ఇదే తంతు. ఓసారి లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం ఏదో ఉందని కంటికి తెలిసి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పడుతుందనుకున్నా కారు అప్పటికే 25 మీటర్లు వెళ్లిపోతుంది. ఆగడం మొదలయ్యేది ఆ తర్వాతే! పాత బండి ఆగేందుకు మరో పాతిక మీటర్లన్నా కావాలి. అంటే కనీసం 50 మీటర్ల ముందు ఉన్నది కనిపించాలి. మసక లైటులో అది కుదిరే పని కాదు.

లైను చివరి ఇల్లు
వెలుగు ఎందుకు తగ్గుతుందో పల్లెటూరి వాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఇంట్లో బల్బు ధగధగలాడుతుంది. లైను చివరి ఇంట్లో అదే బల్బు ఎర్రగా మినుకుమంటుంది. బల్బులో తేడా లేదు... దారిలో వోల్టేజి పోయింది.

కారులో కూడా అంతే. బ్యాటరీ ట్రాన్స్‌ఫార్మర్ అయితే హెడ్‌లైటు లైను చివరి ఇల్లు. పాత అంబాసిడర్‌లో కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరి డ్యాష్‌బోర్డు మీదున్న లైటు స్విచ్చికి వస్తుంది. అక్కణ్నుంచి ఎడమకాలి దగ్గరుండే డిప్పర్ స్విచ్చికి. మళ్లీ ముందుకెళ్లి బల్బుకి. బల్బులోంచి ఎర్త్ వైరు ద్వారా బాడీకి. బాడీ నుంచి తిరిగి బ్యాటరీకి. ఇన్ని మలుపుల్లో ఎక్కడ చిలుము పట్టినా, ఎక్కడ వైరు వదులైనా కొంత వోల్టేజి అక్కడే వేడిగా మారిపోతుంది.

ఆ నష్టం కూడా సామాన్యమైంది కాదు. వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు పదోవంతే తగ్గుతుందనుకుంటాం. నిజానికి దాదాపు మూడోవంతు పోతుంది! 12 వోల్టుల బల్బుకి 10.8 అందితే వచ్చే వెలుగు సుమారు 70 శాతం. 9.6 అందితే సగం కూడా ఉండదు. కొత్త బల్బు వేసినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. లైను చివరి ఇంట్లో ఎన్ని బల్బులు మారిస్తే మాత్రం ఏం లాభం?

ఉప్పుగాలికి ఇష్టమైన చోటు
సముద్రతీరంలో కిటికీ ఊచలు, గేటు బోల్టులు ఎంత త్వరగా తుప్పు పడతాయో తెలిసిందే. గాలిలోని ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది. ఇనుముని తుప్పు పట్టిస్తుంది. రాగి, ఇత్తడి మీద పచ్చటి చిలుము తెస్తుంది. తుప్పూ చిలుమూ కరెంటుని సరిగ్గా పోనివ్వవు.

కారులో ఈ దెబ్బ మొదట తగిలేది ఎర్త్‌కి. హెడ్‌లైటు నుంచి వచ్చే నల్లవైరుని చాలా కార్లలో పక్కనే బాడీ రేకుకి స్క్రూతో బిగిస్తారు. ఆ చోటు సరిగ్గా ముందు చక్రానికి దగ్గర. బురద, నీళ్లు, ఉప్పుతేమ అన్నీ అక్కడికే చేరతాయి. దానికి తోడు రంగు వేయించిన ప్రతిసారీ ఆ స్క్రూ మీదా రేకు మీదా ఓ పొర పెయింటు. పెయింటులోంచి కరెంటు పోదు కదా! పైకి చూస్తే స్క్రూ గట్టిగానే ఉంటుంది. లోపల మాత్రం దారి మూసుకుపోయి ఉంటుంది.

ఎర్త్ సరిగ్గా లేనప్పుడు వింతలు కూడా జరుగుతాయి. హెడ్‌లైటు వేస్తే పక్కనున్న పార్కింగ్ బల్బు మసగ్గా వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కూడా దాంతోపాటే మినుకుమంటుంది. దయ్యం పట్టిందనుకుంటారు. నిజానికి జరిగేది చాలా మామూలు విషయం. తన దారి మూసుకుపోయిన కరెంటు ఇంకో బల్బు ఫిలమెంటు గుండా దొంగదారి వెతుక్కుంటోంది. అంతే!

లక్షణాన్ని బట్టి జబ్బు
మంచి డాక్టరు ముందు నాడి చూస్తాడు, తర్వాతే మందు రాస్తాడు. హెడ్‌లైట్ల విషయంలోనూ అదే పద్ధతి. ఏది వెలుగుతోందో, ఏది వెలగడం లేదో ముందు గమనించాలి.

* ఒకవైపు లైటే ఆరిపోయిందా? ఆ పక్క బల్బుని ఈ పక్కకి మార్చి చూడండి. జబ్బు బల్బుతోపాటు వస్తే బల్బు పోయినట్టు. అక్కడే ఉండిపోతే హోల్డర్, దాని వైరు లేదా ఎర్త్.

* ఒకటి కాంతిగా, రెండోది ఎర్రగా ఉందా? పదింట ఎనిమిది పాళ్లు అనుమానం ఎర్త్ మీదే పెట్టండి.

* హై వెలుగుతోంది, డిమ్ రెండు పక్కలా లేదా? రెండు బల్బులూ ఒకేసారి పోవడం అరుదు. డిప్పర్ స్విచ్చి చూడండి. కాళ్ల దగ్గర ఉంటుంది కాబట్టి చెప్పుల మట్టి, తడి అన్నీ దానికే.

* పార్కింగ్ లైట్లు వెలుగుతున్నాయి, హెడ్‌లైట్లు రెండూ లేవా? లైటు స్విచ్చి లేదా దాన్నుంచి డిప్పర్‌కి వెళ్లే వైరు.

* గుంతలో పడగానే ఆరి మళ్లీ వస్తున్నాయా? ఎక్కడో కనెక్షన్ వదులు. లేదా షెడ్డులో ఎలుకలు వైరు తొడుగు కొరికేసి ఉంటాయి.

* పది నిమిషాలు వెలిగి ఆరిపోయి, కాసేపటికి మళ్లీ వస్తున్నాయా? స్విచ్చిని తాకి చూడండి. వేడిగా ఉంటే లోపలి పలకలు అరిగిపోయినట్టే.

* ఇంజిన్ వేగం పెంచితే వెలుగు పెరుగుతోందా? డైనమో ఉన్న పాత బండికి కొంతవరకు అది సహజమే. మరీ కళ్లు చెదిరేలా పెరిగి, బల్బులు తరచూ మాడిపోతుంటే మాత్రం వోల్టేజి రెగ్యులేటర్‌ని చూపించాలి.

పది నిమిషాల పరీక్ష
దొంగ ఎక్కడున్నాడో పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. బజారులో దొరికే మామూలు మల్టీమీటరు చాలు. ముందు బ్యాటరీ టెర్మినళ్లని శుభ్రం చేయాలి. తెల్లటి, పచ్చటి పొడి ఉంటే వేడినీళ్లతో కడిగి, ఆరాక క్లిప్పులు బిగించాలి. పూర్తి చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది.

ఇప్పుడు ఇంజిన్ ఆపేసి, హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. తర్వాత బల్బు వెలుగుతుండగానే హోల్డర్ వెనక చూడండి. అక్కడ 12.3 ఉండి ఇక్కడ 10.5 ఉందంటే... దారిలో 1.8 వోల్టులు ఎవరో మింగేశారు!

ఎవరు మింగారో తేల్చాలంటే మీటరు ఒక కొసని బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొసని హెడ్‌లైటు ఎర్త్ వైరు మీద పెట్టండి. ముల్లు, లేదా అంకె, సున్నా దగ్గరే ఉండాలి. 0.2 దాటిందంటే ఎర్త్‌ని అనుమానించాలి. ఎర్త్ బాగుంటే ఇదే పరీక్ష పాజిటివ్ వైపు చేయాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బు దాకా అర వోల్టు మించి పోతుంటే వెనక్కి వెళ్తూ డిప్పర్ దగ్గర, స్విచ్చి దగ్గర చూసుకుంటూ పోవాలి. అంకె ఎక్కడ ఒక్కసారిగా మారిందో అక్కడే దొంగ!

మీటరు లేదా? ఓ మంచి వైరు తీసుకుని బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా హెడ్‌లైటు ఎర్త్‌కి తాకించండి. లైటు ఠక్కున వెలుగందుకుంటే ఇక చెప్పేదేముంది! ఒక్క జాగ్రత్త... పాత బ్రిటిష్ కార్లలో కొన్నిటికి బ్యాటరీ పాజిటివ్‌నే బాడీకి కలిపేవారు. మీ బండి ఏ రకమో చూసుకున్నాకే చేయి పెట్టండి.

కొత్తపట్నం తాతయ్య పిలిపించిన ముసలి మేస్త్రి చేసిందీ ఇదే. ఆయన కొత్త బల్బు అడగలేదు.

“బాబాయ్, ఇంట్లో ఉప్పుకాగితం ఉందా?” అన్నాడు.

“ఉప్పుకాగితమా! దేనికయ్యా?”

“ఉప్పుగాలి చేసిన పనికి ఉప్పుకాగితమే మందు బాబాయ్!”

ముందు బ్యాటరీ క్లిప్పు తీసేశాడు. తర్వాత ఎర్త్ స్క్రూ విప్పి, రేకు తెల్లగా మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దాడు. వైరు కొసన పచ్చబడిన భాగాన్ని కత్తిరించి, కొత్త వాషర్‌తో బిగించాడు. బిగించాక పైన వ్యాజలీన్ రాశాడు. వ్యాజలీన్ తేమని లోపలికి రానివ్వదు. అది ముందే రాయకూడదు, లోహానికి లోహం తాకి బిగుసుకున్నాకే రాయాలి. రెండు లైట్ల నుంచీ బ్యాటరీ నెగెటివ్‌కి విడిగా మరో నల్లవైరు కూడా లాగాడు. వైరు, వాషర్లు, అరగంట పని... అంతే ఖర్చు!

రంగుల భాష
బానెట్ ఎత్తితే కనిపించే వైర్ల చిక్కుముడి చూసి చాలామంది భయపడతారు. నిజానికి దానికో భాష ఉంది. అంబాసిడర్‌కి మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3. అందుకే వైర్ల రంగులూ బ్రిటిష్ పద్ధతిలోనే ఉంటాయి. గోధుమరంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. స్విచ్చి నుంచి డిప్పర్‌కి వెళ్లేది నీలం. నీలం మీద తెల్లగీత ఉంటే హై, ఎర్రగీత ఉంటే డిమ్. ఎరుపు పార్కింగ్ లైట్లది. నలుపు ఎర్త్. అయితే ఇన్నేళ్లలో ఎంతమంది మేస్త్రీలు చేయి పెట్టారో, ఏ రంగుకి ఏ రంగు కలిపారో! అందుకే రంగు చూసి ఊహించుకున్నా, మీటరు పెట్టి నిర్ధారించుకోవాలి. ఫియట్, పద్మిని కార్లలో రంగులు వేరు. సూత్రం మాత్రం ఒకటే.

చిన్న స్విచ్చి, పెద్ద బరువు
పొలంలో బోరు మోటారు ఎలా వేస్తాం? స్టార్టరు మీద పచ్చబటన్ నొక్కుతాం. మోటారుకి కావలసిన కరెంటంతా ఆ చిన్న బటన్ గుండా పోదు. బటన్ లోపలి కాయిల్‌కి కబురు పెడుతుంది. పెద్ద పలకలు కలిసి అసలు కరెంటుని మోస్తాయి.

కారుకి అలాంటి స్టార్టరే రిలే! 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే 10 ఆంపియర్లు కావాలి. పాత బండిలో ఆ పదీ లైటు స్విచ్చి, డిప్పర్ గుండానే పోవాలి. రిలే పెడితే ఆ స్విచ్చిలు కబురు మాత్రమే మోస్తాయి. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా దగ్గరిదారిలో బల్బుకి చేరుతుంది.

హైకి ఒకటి, డిమ్‌కి ఒకటి... రెండు రిలేలు కావాలి. రిలే కాళ్ల మీద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి వచ్చే వైరు, 87కి బల్బుకి వెళ్లే వైరు, 86కి పాత స్విచ్చి వైరు, 85కి ఎర్త్. ఒక్కోదానికీ విడిగా 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించాలి. అప్పుడు డిమ్ ఫ్యూజు పోయినా హై ఉంటుంది, ఇల్లు చేరొచ్చు. ఆ రోజుల్లో బ్రిటిష్ డిజైన్ కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ల దారిలో అసలు ఫ్యూజే ఉండేది కాదు. ఉన్నట్టుండి దీపాలు ఆరిపోకూడదన్నది వాళ్ల ఆలోచన కావచ్చు. కానీ తొడుగు పెళుసెక్కిన పాత వైరు బాడీకి తగిలితే ఆరేది దీపం కాదు, అంటుకునేది బండి!

పాత వైర్లని కత్తిరించకుండా, ప్లగ్గులతో రిలేలు పెట్టించుకోవడం మంచిది. కావాలంటే మళ్లీ తీసేయొచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపం చెడకుండా ఉండాలి. ఆ ముచ్చట ఉన్నవాళ్లకి ఈ జాగ్రత్త పనికొస్తుంది.

ఇవి మాత్రం వద్దు!
* 100 వాట్ల బల్బులు. రెండిటికీ కలిపి దాదాపు 17 ఆంపియర్లు కావాలి. పాత డైనమో మొత్తం శక్తే సుమారు 20 ఆంపియర్లు! స్విచ్చి కాలుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

* పోయిన ఫ్యూజు స్థానంలో సిగరెట్ పెట్టెలోని వెండికాగితమో, రాగితీగో చుట్టడం. అది ఫ్యూజు కాదు, నిప్పుకి ఆహ్వానం.

* వైర్లని మెలితిప్పి పైన టేపు చుట్టడం. సముద్రం ఒడ్డున అది ఒక్క వానాకాలం కూడా ఆగదు. టంకం వేయించాలి, లేదా సరైన కనెక్టరుతో నొక్కించాలి.

* హాలోజెన్ బల్బు గాజుని వేళ్లతో పట్టుకోవడం. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

* పాత రిఫ్లెక్టరులో ఏదో ఒక ఎల్‌ఈడీ బల్బు దూర్చడం. ఫిలమెంటు కోసం చేసిన అద్దం అది. వెలుగు రోడ్డు మీద పడకుండా ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. అంతగా కావాలంటే ఏడంగుళాల గుండ్రటి హెచ్4 హెడ్‌లైట్లు దొరుకుతాయి. జీపులకీ, బుల్లెట్ మోటారు సైకిళ్లకీ వాడే కొలతే కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేదు.

ఎదుటివాళ్ల కళ్లూ ముఖ్యమే
ఒకప్పుడు హెడ్‌లైటు అద్దానికి పైసగం నల్లరంగు పూసేవారు, గుర్తుందా? ఎదుటి డ్రైవరు కళ్లు చెదరకూడదనే. వైరింగు బాగుపడి వెలుగు పెరిగాక ఆ మర్యాద మరింత అవసరం. ఇంటి గోడకి 25 అడుగుల దూరంలో చదునైన చోట కారు ఆపండి. హెడ్‌లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద సుద్దతో గీయండి. డిమ్ వేసినప్పుడు వెలుగు అంచు ఆ గీతకి రెండు మూడంగుళాలు కిందే ఉండాలి. ఎక్కువైతే లైటు చుట్టూ ఉండే స్క్రూలతో సరిచేయాలి.

సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. లైట్లు సరిగ్గా ఉంటే ఆ రోజూ నిశ్చింత.

చీకటి రాకుమారుడు!
బ్రిటిష్ కార్లకి విద్యుత్ పరికరాలు చేసిన ప్రఖ్యాత సంస్థ లూకాస్. బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ లూకాస్ ప్రారంభించిన ఆ కంపెనీకి 1870ల చివర్లో పేరు తెచ్చింది ఓ సైకిలు దీపం. దాని పేరు ‘కింగ్ ఆఫ్ ది రోడ్’... అంటే రహదారికి రాజు! తర్వాతి కాలంలో లైట్లు ఆరిపోయి విసిగిన కార్ల యజమానులు ఆ లూకాస్‌కే ‘చీకటి రాకుమారుడు’ అని ముద్దుపేరు పెట్టారు. మన దేశంలో లూకాస్-టీవీఎస్ 1961లో మొదలైంది. ఇక అంబాసిడర్... పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. చీకటి రాకుమారుడి మీద జోకులు వేసుకున్న వాళ్లలో ఎంతమంది ఎర్త్ స్క్రూ విప్పి చూశారో మరి!

కొత్తపట్నం కారు సంగతేమైందంటారా? కనుమ పండగ మర్నాడు రాత్రి తాతయ్య పట్టుబట్టి మనవడిని అదే రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. దూరంగా రోడ్డు పక్కన మళ్లీ అదే ట్రాక్టరు. ఈసారి బ్రేకు తొక్కాల్సిన అవసరమే రాలేదు. ట్రక్కు వెనక రాసిన అక్షరాలు కూడా చదవగలిగేంత వెలుగు! మనవడు నవ్వుతూ తాతయ్య వంక చూశాడు. ఆయన నవ్వలేదు.

“మనకి కనపడింది సరే... మన వెనక వచ్చేవాడికో?” అన్నాడు.

మర్నాడు ఒంగోలు వెళ్లి ఎర్రటి రిఫ్లెక్టరు స్టిక్కర్లు కొనుక్కొచ్చాడు. కారుకి కాదు... ఆ ట్రాక్టరుకి!